రెండు గంటలు ఇవ్వండి, ఆ కోడలు కాస్త కునుకు తీస్తుంది

భన్‌పురి తెలుగు కుటుంబాలకు మనవి



మన వీధుల్లో కొన్ని ఇళ్లకు పట్టపగలే గడియ పెట్టి ఉంటుంది. తీస్తే తాత బిలాస్‌పూర్ రోడ్డెక్కి లారీల మధ్యకు పోతాడు. ఎప్పుడో మానేసిన ఫ్యాక్టరీకి నైట్ షిఫ్ట్ టైమైందంటాడు. ఇంకో ఇంట్లో మామ్మ ఇప్పుడే అన్నం తిని, "కోడలు ముద్ద పెట్టలేదు" అని గుమ్మంలో కూచుని ఏడుస్తుంది. మనం నమ్మేస్తాం. కోడలి గురించి నాలుగు మాటలు కూడా అంటాం.

ఆ తాతదీ, ఆ మామ్మదీ మెదడుకు వచ్చే జబ్బు. పేరు డిమెన్షియా. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి ఇది ఉంది, పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ. ఊళ్లో అమ్మానాన్నలను వదిన మీద వదిలి వచ్చినవాళ్లం మనలో ఎంతమందిమి!

ఇదే జబ్బుతో రాత్రిళ్లు ఒంటరిగా గొణుక్కునే ముసలామెను చూసి "టోన్హీ" (మంత్రగత్తె) అనే నోళ్లూ ఉన్నాయి ఇక్కడ. అలా పేరు పెట్టడమే నేరమని ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి చట్టం ఉంది. మూడేళ్ల దాకా జైలు.

ఆ ఇళ్లకు వెళ్లి కాసేపు తోడుగా కూచునే పని తెలుగువాళ్లమే ఎందుకు చెయ్యాలంటారా? ఈ జబ్బులో కొందరికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, చిన్ననాటి భాష నిలుస్తుంది. నలభై ఏళ్లు ఛత్తీస్‌గఢీలో బేరాలాడిన మామ్మ ఇప్పుడు మంచినీళ్లు కూడా తెలుగులోనే అడగొచ్చు. పక్కన కూచుని ఊసులాడడానికి మనకంటే ఎవరున్నారు?

గోవాలో డాక్టర్ అమిత్ డయస్ బృందం ఇలా ఇంటికి వెళ్లి సాయం చేయడాన్ని 81 కుటుంబాలతో పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించింది. స్థానికులకే శిక్షణ ఇచ్చి, వెనక మానసిక వైద్యుణ్ణి పెట్టి, ఇళ్లకు పంపారు. జబ్బు నయం కాలేదు. చూసుకునేవాళ్ల మనసు మాత్రం తేలికపడింది.

మేం అడిగేది వారానికి రెండు గంటలు. ముందు ఆ ఇంటివాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నప్పుడే వెళ్లండి. పెద్దాయన దగ్గర మీరు కూచోండి, కోడలిని పడుకోనివ్వండి, లేదా బజారుకు పంపండి. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్షలు పెట్టకండి, పేరు మీరే చెప్పండి. డ్యూటీకి పోతానంటే వాదించకండి, టీ తాగి వెళ్దాం అనండి. మగవాళ్లూ రావాలి. తాతకు స్నానం చేయించేటప్పుడు పట్టుకోవాలంటే కోడలికి మొహమాటం, పైగా బలమూ చాలదు.

కొత్తగా మతిమరుపు కనిపిస్తే డాక్టరుకు చూపించమనండి. థైరాయిడ్, బి12 లోపాల వల్లా మతిమరుపు రావొచ్చు, వాటికి మందులున్నాయి. ఒక్కరోజులో తికమక పడిపోతే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మన ఊళ్లోనే ఎయిమ్స్ ఉంది, మేకాహారా ఆసుపత్రి ఉంది. ఎటు వెళ్లాలో తోచకపోతే మన వీధి ఆరోగ్య కార్యకర్త మితానిన్ దీదీని అడగండి. చూసుకునే మనిషికి గుండె బరువెక్కితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, పెద్దల సాయానికి 14567. రెండూ ఉచితం.

ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాం. మీ పేరు, మీరు రాగల రోజు, గంట రాసి, అలాంటి ఇల్లు మీకు తెలిసుంటే ఈ సాయంత్రమే వెళ్లి ఆ కోడలి చేతికివ్వండి.

ఇట్లు,
మీ ఇరుగుపొరుగు