జీపులో ఫోర్‌వీల్ పడకపోతే ముందు చూడాల్సినవి
సబ్బవరం మీదుగా సాగే అనకాపల్లి–ఆనందపురం ఆరు వరుసల రహదారిపై జీపుకు ఫోర్‌వీల్ డ్రైవ్ అక్కర్లేదు. వానల్లో పాడేరు ఘాటు దాటి మన్యం మట్టిదారి పట్టినప్పుడే దాని అవసరం. సరిగ్గా అప్పుడే ఫోర్‌వీల్ పడదు. వెంటనే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు చక్రాలకూ శక్తిని పంపే గేరు పెట్టె) విప్పించడం తప్పని నా గట్టి అభిప్రాయం. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ వేసి చూడాలి. అప్పటికీ పడకపోతే, స్విచ్‌తో ఫోర్‌వీల్ వేసే బండైతే ఫ్యూజు, వైర్లు, మోటారు చూడాలి. ముందు చక్రాలకు వాక్యూమ్ హబ్బులుంటే వాటి గొట్టాల చీలికలు చూడాలి. లివర్ బండైతే తుప్పు పట్టిన లింకేజీ చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం అలవాటు: నెలకోసారి తడిమట్టిలో ఫోర్‌వీల్ వేసి కొంతదూరం నడపాలి. ఎండిన తారురోడ్డు మీద మాత్రం వద్దు. వాడని ఇనుము బిగుసుకుపోతుంది. కొండదారిలో ఆ నిర్లక్ష్యానికి మూల్యం ప్రాణమే కావచ్చు.