ఒకే గుట్ట, రెండు న్యాయాలు

కటవారియా సరాయ్ పేరు మన ఇంజనీరింగు పట్టభద్రులకు కొత్త కాదు. ఇక్కడి ఇరుకు గదులలో ఉండి పోటీ పరీక్షలకు చదివిన తెలుగు యువకులు ఎందరో. ఈ సందుల నుండి బయటపడి అరుణా అసఫ్ అలీ మార్గం దాటితే సంజయ్ వనం. అందులో సర్కారు తుమ్మల నడుమ, ఆరావళి గుట్టపై, ఢిల్లీ తొలి కోట గోడలు శిథిలమై పడి ఉన్నవి.

అది లాల్‌కోట. షాజహాన్ ఎర్రకోటతో దానికి సంబంధం లేదు. తోమర రాజు అనంగపాలుడు పదకొండవ శతాబ్దంలో కట్టించినది. సంవత్ 1109, అనగా 1052 నాటి అతని శాసనమొకటి కుతుబ్ ఆవరణలోని ఇనుప స్తంభంపై ఉన్నదని పండితులు చదివారు. తరువాత చౌహానులు కోటను విస్తరించారు. 1192 తరాయిన్ యుద్ధానంతరం తురుష్కులు ఈ ప్రాకారాల లోపలనే రాజధాని నెలకొల్పారు. కుతుబ్ మినార్ లేచినదీ ఇక్కడనే. 1323లో మన ఓరుగల్లును పట్టుకున్న ఉలుగ్ ఖాన్, మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కి, ఈ కోటను సిరికోటతో కలుపుతూ జహాన్‌పనా గోడలు కట్టించాడు. ఈ రాళ్లు ఏ ఒక్కరి వంశపు ఆస్తి అనగలం?

పాలకులు మాత్రం అనగలరు. 2002లో రాయ్ పిథోరా కోట పేర ఉద్యానవనం తెరచి పృథ్వీరాజు విగ్రహం నిలిపారు. తొలి రాయి వేసిన తోమరుల గోడలేమో తుమ్మలకే మిగిలినవి. 2022లో అనంగతాల్ చెరువును జాతీయ ప్రాముఖ్యం గల కట్టడంగా ప్రకటించారు. సంతోషమే, అది ఎన్నడో జరగవలసినది.

కాని 2024 జనవరి 30న, తెల్లవారుజామున, ఇదే సంజయ్ వనంలో అఖూంద్‌జీ మసీదును ఢిల్లీ అభివృద్ధి సంస్థ నేలమట్టం చేసినది. పక్కనున్న మదరసా, సమాధులు కూడా పోయినవి. రక్షిత అడవిలో అక్రమ నిర్మాణమట! 1853-54లో ఆ మసీదుకు మరమ్మతు జరిగినట్లు పురావస్తు శాఖవారి 1922 నాటి గ్రంథమే చెప్పుచున్నది. అప్పటికి ఈ రక్షిత అడవీ లేదు, ఈ సంస్థా లేదు. మతసంబంధ నిర్మాణాల కమిటీ సిఫార్సు ఉన్నదని సంస్థ హైకోర్టుకు విన్నవించినది. అడవి మీద అంత ప్రేమే ఉంటే మంచిదే. అయితే ఒక శిథిలానికి గెజిట్, మరొక శిథిలానికి బుల్డోజర్ ఏ కొలతతో నిర్ణయమగుచున్నవో ప్రజలకు చెప్పవలెను. వనంలోని ప్రతి గోడను, గోరీని, మెట్లబావిని నమోదు చేసి, ఆ పట్టికను బహిరంగంగా ప్రకటించునంతవరకు అక్కడ మరొక రాయి కదలరాదు.