రోలర్లకన్నా ముందు బెల్టు

హిందూపురం నుంచి లేపాక్షికి ఇద్దరిని ఎక్కించుకుని బయల్దేరిన గేర్‌లెస్ స్కూటర్ మిట్ట రాగానే గుర్రుమంటుందే తప్ప లాగదు. తేలిక రోలర్లు వేయించమని సలహాలు మొదలవుతాయి. 1980లలో కైనెటిక్ హోండాతో మన రోడ్లకు పరిచయమైన ఈ బండిలో గేర్ల పని పుల్లీలదీ బెల్టుదీ. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ వేరియేటర్ అనే ముందు పుల్లీలోని రోలర్లు బయటికి జరిగి, దాని పలకలను దగ్గరికి నెట్టి, బెల్టును పైకి ఎక్కిస్తాయి. రోలర్ల బరువు తగ్గిస్తే ఇంజన్ మరింత వేగం అందుకున్నాకే బెల్టు లేస్తుంది. మిట్టకు ఊపు వస్తుంది, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది. పాత బళ్లకైతే ముందుగా కవరు విప్పి చూడటమే మేలు. గుండ్రటి రోలరు ఒక పక్క చదునుగా అరిగిపోయి, బెల్టు పగుళ్లిచ్చి సన్నబడి కనిపిస్తే, కంపెనీ బరువు రోలర్లూ కొత్త బెల్టూ వేయిస్తే చాలు, పోయిన లాగుడు చాలావరకు తిరిగొస్తుంది.