గుర్రం ఇచ్చారు, ఫిరంగి దాచారు

భద్రాచలం దాటి కుంట మీదుగా అడవిలోకి వెళితే భేజ్జి వస్తుంది. 2017 మార్చి 11న ఆ ఊరికి సమీపంలో రోడ్డు పనుల కాపలాకు బయల్దేరిన సీఆర్‌పీఎఫ్ 219వ బెటాలియన్ జవాన్లలో 12 మంది మావోయిస్టుల దాడిలో చనిపోయారు. బస్తర్‌లో అప్పటికే పుష్కరకాలంగా ఒక ప్రశ్న నలుగుతోంది. తుపాకీ ఎవరి చేతికివ్వాలి? 2005లో మొదలైన సల్వాజుడుం రోజుల్లో స్థానిక ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా చేర్చుకుని ఆయుధాలిచ్చారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత అదే ప్రాంత యువతతో సీఆర్‌పీఎఫ్ బస్తరియా బెటాలియన్‌ను ఏర్పాటు చేసింది. 2018 మేలో ఆ దళం శిక్షణ ముగించుకుంది.

ఎవరిని ఎంతవరకు నమ్మాలి, ఎవరికి ఏ ఆయుధం ఇవ్వాలి అన్న లెక్క ఛత్తీస్‌గఢ్‌లో పుట్టింది కాదు. ఒకప్పుడు హైదరాబాద్ సైనికుల తలరాతను రాసిందీ ఆ లెక్కే.

ముందు ఇంగ్లండ్ సంగతి చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో మెషిన్‌గన్ల ముందు గుర్రం నిలవలేదు. దాంతో 1920లలో బ్రిటన్ తన యోమన్రీ దళాలను, అంటే వలంటీర్ ఆశ్విక దళాలను, సంస్కరించింది. అన్నిటికంటే పాతవైన పద్నాలుగింటికి గుర్రాలు ఉంచింది. మిగిలిన వాటిలో అత్యధికం ఫిరంగి దళాలయ్యాయి. 1794లో పుట్టిన సౌత్ నాటింగ్‌హాంషైర్ హుస్సార్స్ అలాంటిదే. గుర్రాలు పోయాయి కానీ హుస్సార్స్ అన్న రౌతుల పేరు మాత్రం పోలేదు. 1941లో టోబ్రూక్ ముట్టడిని ఆ దళం ఫిరంగులతో తట్టుకుంది. 1942 జూన్ 6న లిబియా ఎడారిలో జర్మన్ ట్యాంకులు చుట్టుముడితే చివరి ఫిరంగి వరకు పోరాడింది. రౌతు ఫిరంగిదారుగా మారడం అక్కడ కేవలం యుద్ధ అవసరం.

మన దగ్గర అది రాజకీయం. 1857 తిరుగుబాటులో సిపాయిల చేతిలోని ఫిరంగులు బ్రిటిష్‌వారిని బెదరగొట్టాయి. ఆ మరుసటి ఏడాది నియమించిన పీల్ కమిషన్ ఫిరంగి దళాలు ప్రధానంగా ఐరోపావారి చేతుల్లోనే ఉండాలని సూచించింది. భారతీయ ఫిరంగి దళాలు దాదాపుగా రద్దయ్యాయి. కొన్ని పర్వత బ్యాటరీలను మాత్రం మిగిల్చారు. కొండల్లోకి కంచర గాడిదల మీద మోసుకెళ్లే చిన్న ఫిరంగులవి. గుర్రం, బల్లెం, తుపాకీ భారతీయుడికి దక్కాయి. మైదానంలో కోటలు కూల్చే ఫిరంగి దక్కలేదు.

ఇందుకు మినహాయింపు హైదరాబాద్. నిజాంతో 1853లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏర్పడిన హైదరాబాద్ కంటింజెంట్‌కు ఖర్చు నిజాంది, పెత్తనం కంపెనీది. ఆ ఖర్చు కిందే బేరార్ కంపెనీ చేతికి పోయింది. నాలుగు ఆశ్విక దళాలు, ఆరు పదాతి దళాలు, నాలుగు ఫిరంగి బ్యాటరీలు అందులో ఉండేవి. 1858లో మధ్య భారతంలో సర్ హ్యూ రోజ్ సేనతో కలిసి ఝాన్సీ మీదికి వెళ్లిన దళాల్లో కంటింజెంట్ కూడా ఉంది. ఆ విధేయతకు బహుమానమా అన్నట్టు దాని ఫిరంగులు దానికే ఉండిపోయాయి.

ఆ బహుమానం అర్ధ శతాబ్దం కూడా నిలవలేదు. 1903లో కంటింజెంట్‌ను భారత సైన్యంలో కలిపినప్పుడు రౌతులు కొత్త నంబర్లతో బతికారు. బ్యాటరీలు మాత్రం రద్దయ్యాయి. ఒకే ఇంటి అన్నదమ్ముల్లో ఒకరికి వారసత్వం దక్కింది, మరొకరికి పేరు కూడా మిగల్లేదు.

మిగిలిన రౌతుల కథ ఘనమైనదే. 20వ దక్కన్ హార్స్ 1916 జూలై 14న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో, హైవుడ్ దగ్గర బల్లేలతో దాడి చేసింది. 1921-22లో 39 భారతీయ ఆశ్విక దళాలను 21కి కుదించినప్పుడు 29వ లాన్సర్స్‌తో కలిసింది. సరిగ్గా ఆ సమయంలోనే ఇంగ్లండ్ తన రౌతులకు ఫిరంగులు పంచుతోంది. ఇక్కడ దళాలను ఒకదానిలో ఒకటి కలిపేశారే తప్ప ఒక్కదానికీ ఫిరంగులు అప్పగించలేదు. దక్కన్ హార్స్‌కు తర్వాత ట్యాంకులొచ్చాయి. 1945లో బర్మాలోని మెయిక్తీలా దగ్గర, 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర ఆ ట్యాంకులతోనే పోరాడింది.

భారతీయులకు మైదాన ఫిరంగులు మళ్లీ దక్కింది 1935 జనవరి 15న. ఆ రోజు బెంగళూరులో 'ఎ' ఫీల్డ్ బ్రిగేడ్ ఏర్పడింది. 1857 నుంచి లెక్కేస్తే 78 ఏళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక, 1962లో, గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ వెలసింది. హైదరాబాద్ బ్యాటరీలు రద్దయిన ఆరు దశాబ్దాలకు ఆ నగరం ఫిరంగిదారుల బడి అయింది. కోట చూడ్డానికి వెళ్లేవారిలో ఎందరికి ఈ వెనుకటి కథ తెలుసు?

భేజ్జి దారిలో ఫిరంగుల ప్రసక్తి లేదు. ప్రశ్న మాత్రం పాతదే. బ్రిటిష్‌వారు సైనికుడికి హోదా ఇచ్చి ఆయుధం దాచారు. సల్వాజుడుం రోజుల్లో ప్రభుత్వం ఆదివాసీకి ఆయుధం ఇచ్చి హోదా దాచింది. చాలీచాలని శిక్షణతో, తాత్కాలిక ఉద్యోగంతో అతన్ని పోరులోకి తోసింది. సుప్రీంకోర్టు తప్పుపట్టినవాటిలో అదీ ఉంది. రెండింటిలోనూ కనిపించేది అపనమ్మకమే. బస్తరియా బెటాలియన్‌కు నంబరుంది, యూనిఫాం ఉంది, క్రమబద్ధమైన ఉద్యోగముంది. అవసరం తీరాక దాని గతి కంటింజెంట్ రౌతులదవుతుందా, బ్యాటరీలదవుతుందా? ఆ జవాబును బట్టే బస్తర్ రాజ్యాన్ని ఎంత నమ్మాలో తేల్చుకుంటుంది.