తిన్నది వొంటికి పట్టడం

"మావాడు బాగానే తింటాడుగానీ వొంటికి పట్టదండీ!" అని వాపోయే తల్లి మా బ్రాడీపేటలో ఏ లైనులో చూసినా కనిపిస్తుంది. తెలుగు మాస్టర్ని గనక, మాట చెవిని పడితే దాని వెంట పడటం నాకు అలవాటు. ఇంతకీ తిన్నది పట్టేది ఎక్కడ?

కడుపులో అన్నారు పెద్దలు. జఠరాగ్ని అని పేరూ పెట్టారు. కాని కడుపులో నిప్పు లేదు. మన గుంటూరు మిరపకాయ పుట్టించే మంట కూడా నరాలను మభ్యపెట్టడమేగాని, దానితో చుక్క నీళ్లయినా కాగవు. కడుపూ పేగులూ చేసేది రుబ్బురోలు పని. అన్నంలోని పిండిపదార్థాన్ని విరగ్గొట్టి, గ్లూకోజుగా చేసి నెత్తురుకు అప్పగిస్తాయి. అసలు పొయ్యి వెలిగేది జీవకణాల్లో.

ఈ పొయ్యి తీరే వేరు. పంచదారను మంటలో వేస్తే భగ్గుమని, వేడంతా ఒక్కసారే పోతుంది. కణం అంత దుబారా చెయ్యదు. గ్లూకోజును మెట్టు తర్వాత మెట్టుగా దించుతుంది. మొదట గాలితో పనిలేకుండానే దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు మైటోకాండ్రియా అనే బుల్లి గదుల్లోకి వెళ్లి, మనం పీల్చిన ఆక్సిజను సాయంతో చివరకు బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారతాయి. దారిలో చిక్కిన శక్తిని కణం ఏ.టి.పి. అనే పదార్థంలో పట్టి వుంచుతుంది.

అయిదువందల నోటు తీసి కొత్తిమీరకట్ట అడిగితే, అమ్మే ఆమె ముఖం ఎలా పెడుతుందో తెలుసుగా! గ్లూకోజు ఆ నోటయితే, ఏ.టి.పి. చిల్లర. గాలి బాగా ఆడితే ఒక్క గ్లూకోజు అణువుకు సుమారు 30 నాణేలు వస్తాయి. ఆడకపోతే దక్కేవి 2. గుండె కొట్టుకున్నా, రెప్ప వాలినా ఖర్చయ్యేది ఈ చిల్లరే. దీన్ని మూటగట్టి దాచుకునే వీలు లేదు. ఏ క్షణాన చూసినా వొంట్లో వుండేది వంద గ్రాములకు అటూ ఇటూ. ఖర్చయినదాన్నే మళ్లీ మళ్లీ చేసుకోగా, రోజు మొత్తానికి లెక్క దాదాపు మన బరువంత తేలుతుందని అంచనా. అందుకే, వారం రోజులు ఉపవాసం వుండగలిగిన మనిషికి కూడా, అయిదారు నిమిషాలు ఊపిరాడకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ నాణేన్ని కనిపెట్టినవారిలో ఒకరు మనవారే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్న అన్నం పేగుల్లోంచి నెత్తురులోకి దిగక, మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. తిన్నది వొంటికి పట్టలేదన్న మాట ఆ ఇంట ఎంత బరువైనదో ఊహించుకోవచ్చు. సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. కండకు బలం లాక్టికామ్లం నుంచి వస్తుందని అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకం. ఇద్దరూ కలిసి 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టడంతో ఆ నమ్మకం కదిలింది. 1929లో ఏ.టి.పి. బయటపడింది. అదే ఏట జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు.

సుబ్బారావుగారు అంతటితో ఆగలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన నడిపించిన బృందం 1945 నాటికి ఫోలికామ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది. అన్నదమ్ములకు అందని మందు ఇతరుల బిడ్డలకు అందింది. మళ్లీ స్వదేశం చూడకుండానే 1948లో, 53వ ఏట, ఆయన కన్నుమూశారు.

కనుక తల్లులకు ఒక మనవి. పిల్లవాడు సన్నగా వున్నంతమాత్రాన బెంగపడకండి. సాయంత్రందాకా క్రికెట్టు ఆడి, ఇంటికొచ్చి చెల్లెలి జడ లాగే ఓపిక ఇంకా వుందంటే, తిన్నది పట్టినట్టే. పట్టింది పట్టినట్టు ఖర్చవుతోంది. తింటూనే నీరసించి, విరేచనాలతో తూకం తగ్గిపోతూ వుంటే మాత్రం దిష్టి తీసి వూరుకోకండి. డాక్టరుకు చూపించండి.