ఆ తీరం ఖాళీగా లేదు!

బాలలూ! హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ పేరు మీరు వినే ఉంటారు. అక్కడ చెరువు ఏదీ అని ఎప్పుడైనా అడిగారా? గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగంను 'మా సాహెబా' అనేవారు. ఆమె పేరు మీద వెలసిందే ఆ చెరువు. ఇప్పుడక్కడ చాచా నెహ్రూ పార్కు ఉంది. చెరువు పోయింది, పేరు మిగిలింది!

సముద్ర తీరానికి వెళ్ళేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలంటాను. జనం లేని తీరాన్ని చూసి ఖాళీగా ఉందనుకుంటాం. నిజానికి ఖాళీ కాదు. జనవరి నుంచి మార్చి దాకా ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి సుమారు 100 గుడ్లు పెడతాయి. వాటిని పొదిగేది తల్లి కాదు, ఇసుక వెచ్చదనమే! 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి, వెలుతురు ఎక్కువున్న వైపు నడుస్తాయి. మామూలుగా ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది. ఒడ్డున దీపాలు వెలిగితే పాపం, దారి తప్పుతాయి.

మధ్యధరా ప్రాంతంలో, గ్రీసు దేశపు జాకింథోస్ దీవిలోనూ ఇదే చిక్కు. అక్కడి లాగర్‌హెడ్ తాబేళ్ళ కోసం 1999లో జాతీయ సముద్ర పార్కు ఏర్పడింది. పగలు యాత్రికులు వెళ్ళవచ్చు. గుడ్లు పెట్టే కాలంలో రాత్రి మాత్రం ఆ తీరాలు తాబేళ్ళవే.

మనమూ అలా చేయలేమా? బాపట్ల దగ్గరి సూర్యలంకకు విహారయాత్ర వెళితే రాత్రిపూట టార్చి వెలిగించకండి. ఇసుకలో మీరు తవ్విన గుంటలు పూడ్చండి. తెచ్చిన ప్లాస్టిక్ సంచులు తిరిగి తీసుకుపోండి. తీరం పోయి పేరు మిగలకూడదు కదా!