చింతలనార్ వెళ్లే డాక్టరుకు పాఠం ఎవరు చెప్పాలి?

జిమ్మీ కార్టర్ 1977లో అమెరికా అధ్యక్షుడు కావడానికి పదేళ్ల ముందే ఆయన తల్లి మన దేశంలో మురికివాడల రోగులకు సేవ చేస్తున్నారు. లిలియన్ కార్టర్ వృత్తిరీత్యా నర్సు. వయసు అడ్డు కాదన్న పీస్ కోర్ ప్రకటనను టీవీలో చూసి 1966లో దరఖాస్తు పెట్టారు. అప్పటికి ఆమెకు 68 ఏళ్లు. మూడు నెలలు శిక్షణ ఇచ్చి, కాస్త మరాఠీ కూడా నేర్పి ఆమెను ముంబై శివారు విఖ్రోలీకి పంపారు. అక్కడి గోద్రెజ్ కాలనీలో ఆమె 21 నెలలు పనిచేశారు.

ఇందులో గమనించాల్సింది ఆమె వయసు కాదు, ఆ మూడు నెలలు. ఇంజక్షన్ ఎలా ఇవ్వాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా అంత అనుభవం ఉన్న మనిషిని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎందుకంటే అమెరికాలోని ఒక చిన్న ఊళ్లో వచ్చిన అనుభవం విఖ్రోలీలో ఉన్నదున్నట్టుగా పనికిరాదు. అక్కడి మాట, తిండి, మర్యాద వేరు. రోగి డాక్టరు దగ్గరికి వచ్చే కారణం కూడా వేరు.

ఈ సంగతి మనకెందుకంటే, తెలుగు డాక్టర్లకు కూతవేటు దూరంలోనే ఒక విదేశం ఉంది. భద్రాచలం నుంచి చింతూరు, కుంట దాటి దోర్నపాల్ చేరితే అక్కణ్నుంచి జగర్‌గుండా వెళ్లే దారిలో వస్తుంది చింతలనార్. చింత అన్న మాట వింటే తెలుగువాడికి చెట్టు గుర్తుకొస్తుంది. నార్ అంటే గోండీలో ఊరు. పేరు మన చెవికి ఇంత దగ్గరగా ఉన్నా ఆ ఊరు మనకు తెలిసింది మాత్రం 2010 ఏప్రిల్ 6న. ఆ రోజు దగ్గర్లోని తాడిమెట్ల అడవిలో మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. 2011 మార్చిలో ఆ చుట్టుపక్కల గ్రామాల్లో ఇళ్లు తగలబడ్డాయి. రెండు సందర్భాల్లోనూ పేపర్లు ఊరి పేరు రాశాయి. ఊళ్లో జ్వరాల గురించి రాసినవి తక్కువ.

సల్వాజుడుం 2005లో మొదలయ్యాక ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలమంది ఆదివాసీలు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వలస వచ్చారు. మన వాళ్లు గుత్తికోయలని పిలిచేది వాళ్లనే. 2006 నుంచి వాళ్లకోసం అటు ఛత్తీస్‌గఢ్‌లోనూ ఇటు ఖమ్మం జిల్లాలోనూ సంచార వైద్యశాలలు నడిపింది మెద్‌సాఁ సాఁ ఫ్రాంతియేర్. 1971లో ఫ్రాన్స్‌లో పుట్టి, 1999లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న సంస్థ అది. కొత్తగా చేరినవారిని పనిలోకి పంపేముందు కొద్దిరోజుల శిక్షణ ఇవ్వడం దాని ఆనవాయితీ. ఆ శిక్షణలో వైద్యం పాలు తక్కువ. వైద్యశాలలోకి, బండిలోకి తుపాకీ రాకూడదు, అది ఎవరిదైనా సరే. ఎవరు పంపారని అడిగితే ఏం చెప్పాలి, చీకటిపడేలోపు ఎక్కడ ఉండాలి, అందుబాటులో ఉన్న కొద్దిరకాల మందులతో ఎలా నెట్టుకురావాలి అన్నవే పాఠాలు.

అరవై దాటిన డాక్టరుకు ఈ చివరి పాఠమే కష్టం. ముప్ఫై ఏళ్లు స్కాన్ రిపోర్టు చూసి నిర్ణయం తీసుకున్న మనిషి చేతిలో ఇక్కడ ఉండేది స్టెతస్కోపు, థర్మామీటరు, మలేరియా కిట్టు. వేలికొసన ఒక చుక్క రక్తం తీస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. ఫాల్సిపారం అయితే ఆర్టిమిసినిన్ కలిసిన మందు మూడు రోజులు ఇవ్వాలి. ఇంతవరకు సులువే. అసలు చిక్కు తర్వాత వస్తుంది. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మలేరియా లేని బస్తర్ కోసం ఇంటింటి పరీక్షలు మొదలుపెట్టింది. తొలివిడతలో మలేరియా ఉన్నట్టు తేలినవారిలో సగానికి పైగా జనానికి జ్వరం లేదు. ఏ లక్షణమూ లేదు. జ్వరంతో వచ్చినవాడికే వైద్యం చేయడం అలవాటైన డాక్టరు ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి. బాగానే ఉన్నానంటూ ఎదుట నిలబడ్డ మనిషికి రక్తపరీక్ష ఎందుకో, మాత్ర ఎందుకు మింగాలో గోండీలో చెప్పగలగాలి. అది ఏ మెడికల్ కాలేజీలోనూ చెప్పని పాఠం.

ఆ పాఠం చెప్పగలిగిన మనిషి ఊళ్లోనే ఉంది. 2002లో ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన మితానిన్ పథకం కింద ప్రతి వాడా తనలోంచి ఒక మహిళను ఎన్నుకుంది. మితానిన్ అంటే నేస్తం. దేశమంతటా ఆశా కార్యకర్తలు వచ్చింది ఆ తర్వాతే. ఏ ఇంట్లో కడుపుతో ఉన్నారో, ఎవరు మందు తీసుకుని మింగకుండా దాచారో ఆమెకు తెలుసు. ఆమె చదువు పది లోపే కావచ్చు. వచ్చిన పెద్ద డాక్టరు ఆమె పక్కన కూర్చుని వినగలిగితే పని సగం అయినట్టే. ఆమెను చీటీలు రాసే మనిషిగా చూస్తే మాత్రం ఎంత అనుభవమైనా వృథా.

మనకు సేవాభావం లేదని కాదు. ఉచిత వైద్య శిబిరాలకు తెలుగునాట లోటు లేదు. బ్యానరు కడతారు, ఒక్క పూటలో మూడొందల మందిని చూస్తారు, బీపీకి నెలకు సరిపడా మాత్రలిచ్చి వస్తారు. రెండో నెల ఆ మనిషి ఏం మింగాలన్నది ఎవరూ అడగరు. సీమలో, కోస్తాలో ఇది కాస్త నష్టమే కలిగించవచ్చు, ఎందుకంటే మరో ఆస్పత్రి ఉంటుంది. చింతలనార్ లాంటి చోట మాత్రం ఒకసారి వచ్చిపోయే డాక్టరు తర్వాత వచ్చేవాడి మీద నమ్మకాన్ని కూడా పట్టుకుపోతాడు.

వయసు ఇబ్బందులూ ఉన్నాయి. దాచి లాభం లేదు. చిన్నప్పట్నుంచీ మలేరియా సోకుతూ వచ్చిన ఒంటికి కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. నగరం నుంచి వెళ్లిన పెద్దాయనకు అది ఉండదు, జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. కాబట్టి మొదటి పాఠం దోమతెర దగ్గరే మొదలవ్వాలి. ఆయన నడవలేని చోటికి కుర్ర నర్సు వెళ్లాలి, తను వైద్యశాలలో కూర్చుని ఆమెకు ధైర్యం ఇవ్వాలి. ఆదుర్దా పడకుండా కాన్పు కోసం వేచి చూడగలగడం, ఏ రోగిని వెంటనే భద్రాచలం పంపాలో ఒక్క చూపులో తేల్చుకోవడం వయసుతోనే వస్తాయి. ఆ విలువ తక్కువది కాదు.

గత కొన్నేళ్లలో ఆ ప్రాంతం చాలా మారింది. తుపాకుల మోత తగ్గింది. రోడ్డుమీద భయంతో ఆగిపోయినవాళ్లకు ఆ సాకు క్రమంగా కరిగిపోతోంది. ఇక మిగిలింది మన పని. ఏటా రెండు రాష్ట్రాల్లో ఎందరో డాక్టర్లు, నర్సులు ఆరోగ్యంగా ఉండగానే పదవీ విరమణ చేస్తున్నారు. వాళ్లలో పదిమంది ముందుకొచ్చినా వాళ్లను తయారుచేసే చోటు లేదు. భద్రాచలంలో ఆరువారాల శిక్షణ పెట్టడానికి విదేశీ సంస్థ రానక్కర్లేదు. సగం రోజు గోండీ, కోయ మాటలు, మిగతా సగం మలేరియా, కాన్పులు, నిషేధాలు, జాగ్రత్తలు. పాఠాలు చెప్పేది మితానిన్లు, ఏఎన్ఎంలు. ఛత్తీస్‌గఢ్ వైద్య మండలిలో పేరు నమోదు చేయించే బాధ్యత నిర్వాహకులది. కనీసం ఏడాది ఉంటానన్నవారికే సీటు.

చింతలనార్ రోగులు భద్రాచలం దాకా వస్తూనే ఉన్నారు. అంత దూరం వాళ్లు నడిచి, బస్సెక్కి రాగలిగినప్పుడు మన పెద్ద డాక్టర్లు ఆరువారాలు విద్యార్థులుగా ఉండలేరా?